ఎర్ర నూలుకు నాలుగు ముళ్ళు

దస్తగిరికి పెద్దరికం కావాలి. ఆ మాట మా గురువు రహమతుల్లా సాహెబు ముందు అనడానికి వాడికి ఏడాది పట్టింది.

మేం ఐదుగురం, ఐదు ఊళ్ళలో వైద్యం చేసేవాళ్ళం. అందరికీ విద్య చెప్పింది సాహెబే. దస్తగిరి జ్వరాలు చూసేవాడు. నేను విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాణ్ణి. సుంకులమ్మ కాన్పులు చేసేది, పసిబిడ్డల్ని చూసేది. ఒకరి వల్ల కాని రోగిని ఇంకొకరి దగ్గరికి బండిలో పంపేవాళ్ళం.

రోగి రాగానే మణికట్టుకు ఎవరి రంగు నూలు వాళ్ళు కట్టాలి. తమ దగ్గర ఉంచుకున్న రోజుకొక ముడి వెయ్యాలి. పసిబిడ్డకు జ్వరం రెండో రోజుకు దిగకపోతే సుంకులమ్మ దగ్గరికి పంపెయ్యాలి. ఇదంతా మేం కూర్చుని అనుకున్న మాట.

మాలో పెద్ద అంటూ ఎవరూ లేరు. అమావాస్య నాడు మధ్యాహ్నం సాహెబు వాకిట్లో కలిసేవాళ్ళం. మధ్యలో నల్ల గొంగడి పరిచి ఉండేది. ఆ నెల ఎవరి చేతిలో ప్రాణం పోతే వాళ్ళు దాని మీద కూర్చోవాలి. జరిగింది జరిగినట్టు చెప్పాలి. మళ్ళీ అమావాస్య దాకా వాళ్ళ మాటే మా అందరికీ చెల్లేది.

దస్తగిరికి అదే మింగుడుపడలేదు.

"పోగొట్టుకున్నోళ్ళకు పెద్దరికమేంది సాహెబ్? ఏడాదిగా నా చేతిలో ఒక్క ప్రాణం పోలేదు. ఆ గొంగడి నాకియ్యండి."

"అమావాస్యకు రా నాయనా," అన్నాడు సాహెబు.

వాడు ఉతికిన బట్టలు కట్టుకుని అందరికంటే ముందొచ్చాడు. నేనొస్తే చాప మీద ఇంత జరిగి చోటియ్యలేదు. వాడికంటే పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి. అది నేనింకా మరిచిపోలేదు.

చివరగా సుంకులమ్మ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా పోయి గొంగడి మీద కూర్చుంది.

"మళ్ళీ నువ్వేనా అక్కా? ఈ ఏడు ఇది మూడోసారి. గొంగడి ఇంటికే తీసుకుపోరాదూ," అంటూ లేచి నిలబడ్డాడు దస్తగిరి.

ఆమె కొంగు ముడి విప్పి, చనిపోయిన బిడ్డ చేతి నుంచి తీసిన నూలుపోగులు రెండు సాహెబు అరచేతిలో పెట్టింది.

తెల్లది ఆమెది. దానికి ముడి లేదు. బిడ్డ వచ్చిన పూటే పోయింది. ఎర్రది దస్తగిరిది.

సాహెబుకు చూపు తక్కువ. ఎర్ర నూలును బొటనవేలితో తడుముతూ పోయాడు. ఒకటి. రెండు. అక్కడ వేలు ఆగింది. మేమంతా ఆ వేలినే చూస్తున్నాం. తర్వాత మూడు. నాలుగు.

దస్తగిరి మొహంలో నెత్తురు లేదు. "ఇంకొక్క రోజులో దిగుతుందనుకున్నా సాహెబ్."

"దిగదని తెలిసినాక బండెక్కించినావు," అన్నాను నేను.

సాహెబు నా వైపు తిరగలేదు. "లెయ్యమ్మా," అన్నాడు సుంకులమ్మతో. ఆమె లేచింది. ఎనభై ఏళ్ళ మనిషి సాహెబు, మోకాళ్ళు ఒక్కొక్కటే చేత్తో మడుచుకుంటూ, ఆ గొంగడి మీద తానే కూర్చున్నాడు. ముందెన్నడూ ఆయన దాని మీద కూర్చున్నది లేదు.

"మీరెందుకు సాహెబ్?" అంది సుంకులమ్మ.

"వీడి చేతికి ఎర్ర నూలు ఇచ్చింది నేనే కదమ్మా."

దస్తగిరిని తరిమేస్తాడని నేను ఎదురుచూశాను. తరమాలనే నా కోరిక, దాచేదేముంది. కానీ ఆయన్ని అక్కడ చూసినాక, నాకు తెలియకుండానే తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏ దొర ముందూ తియ్యని తలపాగా అది.

సాహెబు కొంచెం పక్కకు జరిగాడు. గొంగడి మీద ఒక మనిషికి చోటైంది.

దస్తగిరి వచ్చి అంచు మీద కూర్చున్నాడు.

సాహెబు ఎర్ర నూలు వాడి వేళ్ళ మధ్య పెట్టాడు, రెండో ముడి చేతికి తగిలేటట్టు.

"ఇక్కణ్ణుంచి చెప్పు నాయనా. ఈ నెల మేమంతా నీ మాటే వింటాం."