మార్తవ్వ పొయ్యి

అనగనగా ఒక ఊరు. మన వైపు కాదురా నాన్నా, సముద్రాల అవతల ఇంగ్లండులో. ఆ ఊళ్ళో ఒక దొర పెద్ద మేడ కట్టించాడు. అందులో ఎన్ని గదులున్నాయో ఆయనకే తెలియదట.

మేడ పూర్తయ్యాక దొర కిటికీలోంచి చూశాడు. ఎదురుగా ఊరి గుడిసెలు!

"ఛీ, చూపుకి అడ్డం" అన్నాడు. ఊరు ఊరంతా వాగవతలికి తరిమించాడు. మార్త అనే కొత్త కోడలు మాత్రం కదల్లేదు.

పొయ్యి వెలిగే ఇంటిని పడగొట్టకూడదని అక్కడి కట్టుబాటు. ఆరిందా, మర్నాడే గునపం దిగుతుంది. అందుకని మార్త పడుకునేముందు నిప్పుల మీద బూడిద కప్పేది. తెల్లారగానే ఊది లేపేది.

ఆ పొగ చూస్తే దొరకి ఒళ్ళు మండేది. అప్పుడు గుడిసెకి అడ్డంగా మట్టిదిబ్బ పోయించాడు. ఆ తర్వాత ఆయన పోయాడు, కొడుకు దొరయ్యాడు. దిబ్బ మీంచి పొగ కనిపిస్తూనే ఉంది. అప్పుడు ఆయన దిబ్బ నిండా చెట్లు నాటించాడు. చెట్లు పెరిగాయి, ఆయనా పోయాడు.

ఆ తర్వాత మనవడు దొరయ్యాడు. అప్పటికి మార్త ముసలిదై మార్తవ్వ అయింది.

"దాచడం దేనికి? ఆర్పేస్తే పోలా!" అన్నాడు మనవడు. అడవిలో పుల్ల ఏరకూడదని చాటింపు వేయించాడు.

మార్తవ్వ ముందు కంచె పీకి కాల్చింది. అప్పుడు బల్ల కాల్చింది. ఆ తర్వాత మంచం కోళ్ళు కాల్చింది.

ఆ చలికాలం మంచు తుఫాను వచ్చింది. పొగగొట్టాల్లోంచి మంచు పడి మేడలో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. చెకుముకి దూది తడిసిపోయింది. అగ్గిపెట్టెలు లేని కాలం కదూ! లోపల దొరగారి పసిబిడ్డ చలికి నీలం తిరిగిపోతోంది.

మార్తవ్వ పొగ ఉందా అని దొర కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. ఏం కనిపిస్తుంది? తాతగారి దిబ్బ, తండ్రిగారి చెట్లు.

అప్పుడు మోకాళ్ళ లోతు మంచులో పడుతూ లేస్తూ దొరే వెళ్ళాడు.

"అవ్వా, నిప్పుందా? బిడ్డ చలికి బిగుసుకుపోతోంది."

"ఇన్నాళ్ళకి దారి కనిపించిందా దొరా? నిప్పుంది. కట్టెలే లేవు."

ఆఖరి మంచం కోడు కొస ఎర్రగా ఉందంతే. అయినా సగం నిప్పులు చట్టిలో వేసి ఇచ్చింది. "ముందు బిడ్డ అరికాళ్ళు కాచండి" అంది.

బిడ్డ బతికింది. మంచు కరిగాక చెట్లన్నీ కట్టెలై మార్తవ్వ వాకిట్లో పడ్డాయి. దిబ్బ చదునైంది.

ఇప్పుడా మేడ చూడ్డానికి జనం పోతారట. గోడల మీద ముగ్గురు దొరల బొమ్మలూ ఉన్నాయట. కానీ ఏ కిటికీలోంచి చూసినా ముందు కనిపించేది ఆ గుడిసేనట.

కట్టెలు పొయ్యిలోకి, పొగ మబ్బుల్లోకి,
కథేమో కంచిలోకి, నువ్వేమో నిద్రలోకి.