తడిగడ్డి వామి

చిదంబరయ్య స్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన జవాబుకు ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. శిష్యుడు ఓబులేసుకు ఆ అలవాటంటే గిట్టదు. కానీ ఆ సంగతి పైకి కనబడనిస్తేనా! ఆశ్రమంలో అతనంత నెమ్మదస్తుడు లేడని పేరు.

ఆ ఉదయం మాత్రం ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, సుంకన్న కర్పూరంలా భగ్గుమంటాడు. అతనికి ఉపదేశం ఇచ్చారు. ఏనాడూ గొంతెత్తని నాకెందుకు ఇవ్వలేదు?"

ఆవుల కొట్టం వెనక గడ్డివామిలోకి గునపం దించి, కాసేపాగి లాగమన్నారు స్వామి. ఆ వామి ఓబులేసు వేసిందే. వాన ముంచుకొస్తోందని ఎండీ ఎండని వరిగడ్డిని పోగేసి, గాలి చొరకుండా తొక్కి, పైన దువ్వినట్టు సర్దాడు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు కూడాను.

గునపం దించి నిలబడ్డాడో లేదో, అతని అక్క నారాయణమ్మ వచ్చింది. తల్లి పోయినప్పుడు తమ్ముడికి కబురు పెట్టలేదామె. కర్మకాండలన్నీ ముగిశాక గాని అతనికి తెలియలేదు. అప్పటినుంచి సజ్జరొట్టెలు మూటగట్టుకుని ఆమె వస్తూనే ఉంది, అతను నమస్కారం పెట్టి, క్షేమమడిగి, పనుందని తప్పుకుంటూనే ఉన్నాడు. ఒక్క మాట అన్నది లేదు. క్షమించేశాననే అనుకుంటున్నాడు మహానుభావుడు. ఆమె మాత్రం వచ్చిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళేది.

ఆవేళా నమస్కారం పెట్టి, గునపం లాగబోయాడు. లాగుతూనే చెయ్యి చురుక్కుమని వదిలేశాడు. పైన గడ్డి చల్లగానే ఉంది. లోపలినుంచి మాడు వాసన వస్తోంది.

"నిప్పెవరు పెట్టారు స్వామీ?"

"ఎవరూ పెట్టలేదు. తడి లోపలే ఉండిపోయింది. కాగి కాగి, తనంతట తానే అంటుకుంటుంది."

విప్పితే గాలి తగిలి మండదా అని అతని భయం. మండవచ్చనీ, అందుకే నీళ్ళు దగ్గర పెట్టుకుని విప్పాలనీ అన్నారు స్వామి. ఆ మాట వింటూనే నారాయణమ్మ కొంగు బిగించి బిందెలు నింపుకొచ్చింది.

ఓబులేసు పంగలకర్రతో గడ్డి లాగసాగాడు. పొరపొరకూ ఆవిరి లేచింది. నడిమిగడ్డి నల్లబడి ఉంది. గాలి సోకగానే మంట ఎగసింది, అక్క బిందెడు నీళ్ళూ కుమ్మరించింది. ఆ పొగకు ఆమె దగ్గుతుంటే అతనికేమైందో, కర్ర విసిరికొట్టి అరిచాడు.

"అమ్మ మొహం కడసారి చూడనీకుండా చేస్తివి గదా అక్కా!"

"నీకా మాట చెప్పే ధైర్యం చాలలేదురా అబ్బయ్యా. తప్పు నాదే" అందామె, ఖాళీ బిందె దింపకుండానే.

ఇద్దరూ ఆ మసిలోనే కూలబడి, తల్లి ఇవాళే పోయినట్టు ఏడ్చారు. చాలాసేపటికి అతను అక్క కొంగుతో మొహం తుడుచుకున్నాడు. గురువుగారి ఎదుట గొంతెత్తినందుకు సిగ్గుపడి చేతులు జోడించాడు.

స్వామి వంగి, పిడికెడు గడ్డి తీసి వాసన చూశారు.

"నల్లబడింది తీసెయ్యి నాయనా. మిగతాది ఎండకు ఆరబెట్టు. ఆవులు తింటాయి."