పోయొస్తాం

సుంకన్న నెత్తిన పిడుగు పడింది. గురువు అబద్ధమాడాడు. అదీ తన కళ్ళెదుటే, ఒక ముసలమ్మతో.

బుద్ధెరిగాక సుంకన్న నోట ఒక్క అబద్ధం రాలేదు. ఊళ్ళోవాళ్ళు ఎగతాళిగా హరిశ్చంద్రుడి తమ్ముడనేవారు. దాన్ని అతను మెప్పుకోలు అనుకున్నాడు, పాపం. నిజం కోసమే ఇల్లు విడిచి కంబగిరిస్వామి వెంట నడిచాడు. ఆరేళ్ళయింది.

ముందురోజు మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ఆ ముసలమ్మ, తిప్పమ్మ ఇంట దిగారు. ఊరికి దూరంగా, చేల మధ్య ఒంటి ఇల్లు. ఆ ఇంటికి చివరిసారి నలుగురు వచ్చింది ఆమె మొగుణ్ణి మోసుకుపోవడానికి. మూడేళ్ళ కిందటి మాట. వాళ్ళు ఏమీ చెప్పకుండానే పోయారు. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు "పోయొస్తాం" అనకూడదు కదా. ఆ తర్వాత ఆ గడప ఎవరూ తొక్కలేదు.

అతిథిగా సుంకన్నకు వంక పెట్టలేం. సంకటి ఒక్క ముద్దే చాలన్నాడు. తిన్న పళ్ళెం తనే కడిగాడు. రెండు బిందెల నీళ్ళు తోడి పెట్టాడు. వసారాలో ఒక మూల ముడుచుకుని పడుకున్నాడు. తెల్లారాక పడుకున్న చోటు ఊడ్చి, చేతులు జోడించి, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు.

"పోతాండామమ్మా. ఇంగ ఈ దోవన రాము."

తిప్పమ్మ ద్వారబంధం పట్టుకుని తలూపింది.

అప్పటికే వాకిలి దాటిన కంబగిరిస్వామి ఆగి, వెనక్కి తిరిగాడు. "పోయొస్తాం తిప్పమ్మా. ఈసారి వచ్చినప్పుడు ఉలవచారు కాచి పెట్టాల."

"అట్లే సామీ. కారం ఎక్కువెయ్యాల్నా, తక్కువా?"

"తక్కువే. కడుపు ఓర్చుకోదు."

ఇద్దరూ చాలా దూరం నడిచారు. ఎండ ముదిరాక సుంకన్న ఇక ఉండబట్టలేకపోయాడు.

"స్వామీ, మనం పోయేది శ్రీశైలానికి. అక్కడే దేహం విడుస్తానని మీరే అన్నారు. మరి ఆమెతో పోయొస్తామని ఎట్లా అన్నారు?"

"అన్నాను."

"అబద్ధమాడే గురువు వెంట నేను నడవలేను. ఇక్కణ్ణుంచి నా దారి నాది."

అనేశాడు గానీ, ఆ ముసలాయన తప్ప అతనికి లోకంలో ఎవరూ లేరు.

గురువు కోప్పడలేదు. కర్ర ఊతగా వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నడవసాగాడు.

"ఎక్కడికి స్వామీ?"

"తిప్పమ్మ ఇంటికి. అబద్ధం వద్దంటివి గదా."

మండుటెండ. పది అడుగులకోసారి ఆయనకు దగ్గు తెరలు. నడిదారిలో వదిలేసి పోవడానికి సుంకన్నకు మనసొప్పలేదు. అలా అని పక్కన నడవడానికీ మొహం చెల్లలేదు. నాలుగడుగులు వెనకే నడిచాడు.

చేరేసరికి పొద్దు వాలింది. తిప్పమ్మ గడప దగ్గర చాట ముందు పెట్టుకుని ఉలవల్లో రాళ్ళేరుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. అయినా మాట్లాడుతోంది.

"పెద్దసామికి కారం తక్కువెయ్యాల. చిన్నసామి ఒగ ముద్దే అంటాడు. ఈసారి ఇననుగాక ఇనను."

అలికిడికి తలెత్తింది. ఆమెకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

"అప్పుడే వచ్చినారా! ఉలవలింగా నానెయ్యనే లేదే సామీ," అని నొచ్చుకుంది.

గురువు అరుగు మీద కూలబడ్డాడు. ఆమె మంచినీళ్ళకు లోపలికి పరుగెత్తింది. సుంకన్నకు మాత్రం వాకిట్లోంచి కాళ్ళు కదల్లేదు.

"నేను చెప్పింది నిజమే కదా స్వామీ," అన్నాడు ఏడుపు ఆపుకుంటూ.

"నిజమే. ఆ మాట చెప్పి తలుపు మూసి వచ్చావు. అది మనింటి తలుపు కాదు నాయనా."

సుంకన్న వెళ్ళి చాట ముందు కూర్చుని, రాళ్ళేరడం మొదలుపెట్టాడు.