రావులమ్మను నిలబెట్టిన కొడుకులు

ఊళ్ళో తెలివంతా షామియానాల వాళ్ళ ఇంట్లోనే ఉందనేవారు. అనేవారంటే, వాళ్ళే అనేవారు. పెద్దాడు కొండలు, చిన్నాడు పైడియ్య. "మేం నిలబెట్టిన గుంజ గాలివానకైనా పడిందేట్రా?" అని రొమ్ము విరుచుకు తిరిగేవారు. నిజమే, గుంజలు పడలేదు. వాళ్ళమ్మ పడింది.

పొయ్యి మీద చేపల పులుసు పెట్టి, ఉప్పు కోసం నడవలోకి వచ్చిన రావులమ్మ కాలు జారి చతికిలబడింది. "ఒరే, పులుసు మాడకముందే నన్ను లేపండ్రా!" అంది.

తెలివైనవాళ్ళు కదా, ముందు వీధి చివర ఉండే నర్సు సుగుణమ్మకు ఫోన్ చేశారు.

"వస్తున్నా. ఈలోగా గబుక్కున లాగకండి. నొప్పి ఉంటే కదపొద్దు. లేకపోతే గట్టి కుర్చీ ఒకటి పక్కన పెట్టండి, ఆవిడే మెల్లగా పట్టుకుని లేస్తుంది. లేచాక మళ్ళీ పడకుండా చూసుకోండి. పక్కనుంచి మాత్రం కదలకండి" అందామె.

"అమ్మా, ఎక్కడైనా నొప్పా?" అన్నాడు కొండలు.

"పడినందుకేం లేదు. ఈ మోకాలి నొప్పంటావా, మీ నాన్న ఉన్నప్పటిదే కదా."

"నొప్పుందంటరా తమ్ముడూ! కదపకూడదు."

ఇంకేముంది, నాన్న కాలంనాటి నొప్పి తగ్గేదాకా ఇద్దరూ గోడకు చేరబడి కూర్చున్నారు. "తగ్గిందా? ఇప్పుడు తగ్గిందా?" అని అడగ్గా అడగ్గా, "తగ్గిందిరా, సచ్చినోళ్ళారా! కుర్చీ తెండి!" అని అరిచింది రావులమ్మ.

కుర్చీలకేం కొదవ? నడవ నిండా దొంతర్లే. గట్టిదేదో తెలియాలి కదా! పైడియ్య మూలనున్న రోకలి తీసి ఒక్కటేశాడు. విరిగింది. "ఇది గట్టిది కాదు." ఇంకోదీ విరిగింది. అంతే, దొంతర్లన్నీ ముక్కలు. "అమ్మ వీటిని పట్టుకుని ఉంటే ఏమైపోయేదిరా!" అని కొండలు తమ్ముడి ముందుచూపుకు మురిసిపోయాడు.

వీళ్ళను నమ్ముకుంటే లాభం లేదని రావులమ్మ మోకాళ్ళ మీదికి వచ్చి, బియ్యం డ్రమ్ము పట్టుకుని, అమ్మా అయ్యా అనుకుంటూ తనే లేచింది. అప్పుడు కొడుకులకు నర్సమ్మ మాట గుర్తొచ్చింది. మళ్ళీ పడకుండా చూసుకోవాలి! ఆ పని వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

సుగుణమ్మ వచ్చేసరికి రావులమ్మ నడుముకు షామియానా మోకులు. ఒకటి కిటికీ ఊచకు, ఒకటి తలుపు గొళ్ళేనికి, మిగతావి స్తంభాలకు. వంటింట్లోంచి పొగ.

"పులుసు మాడిపోతోందర్రా!" అని రావులమ్మ గోల.

"ముందు ఆ పొయ్యి ఆపండ్రా!" అంది సుగుణమ్మ.

"పక్కనుంచి కదలొద్దని మీరే కదా అన్నారు" అన్నాడు పైడియ్య.

తల కొట్టుకుని తనే వంటింటికి పరిగెత్తబోయిన సుగుణమ్మ కుర్చీ ముక్కల మీద జారి దబ్బున పడింది.

"నర్సమ్మా, ఎక్కడైనా నొప్పా?"

"నడుం పోయిందిరా, దేవుడా!"

"కదపకు తమ్ముడూ. నర్సమ్మకు ఫోన్ కొట్టు" అన్నాడు కొండలు.

పైడియ్య కొట్టాడు. కింద పడ్డ సుగుణమ్మ సంచిలో ఫోన్ మోగింది. మోగీ మోగీ ఆగింది.

"తియ్యట్లేదన్నా. పాపం, ఏం పనిలో ఉందో!"