గోళం మీద గురుపీఠం

చిలకలకోట రాజు ఉద్దండవర్మకు ఒక ఉదయం తన ఆరేళ్ల కూతురు కువలయ మహా పండితురాలు కావాలనిపించింది. రాజులకు ఇలాంటి కోరికలు ఫలహారం పుష్టిగా తిన్నాకే పుడతాయి. వెంటనే ఆస్థాన పండితుడు విస్సావధానులుగారిని పిలిపించాడు.

"గోళం, ఘనం, స్థూపం, శంకువు. ఈ నాలుగు ఆకారాలూ పిల్లకు నేర్పండి. ఆరు నెలల్లో సభలో పరీక్ష!"

అవధానులుగారు నేర్పారు. ఒక్కో ఆకారానికి పన్నెండేసి శ్లోకాలు వల్లె వేయించారు. సభంతటికీ తమ పాండిత్యం కనబడాలని మోకాలెత్తు ఆకారాలు టేకుతో చేయించి, బంగారు రేకు తాపడం చేయించి, పట్టుగుడ్డ కప్పి ఉంచారు. పిల్ల చెయ్యి చాపితే చాలు, "ముట్టుకోకు, మాసిపోతాయి!" అని కసిరేవారు. తాము కూడా ఒక్కసారైనా ముట్టుకోలేదు. అంత నిష్ఠ!

పాపం, కువలయ శ్లోకాల బాధ పడలేక వంటశాలకు పారిపోయేది. అక్కడ వంటల పేరమ్మ పక్కన చేరి లడ్డూలు చుట్టేది, అప్పడాల కర్ర దొర్లించేది, బెల్లం అచ్చులు ఒకదాని మీద ఒకటి పేర్చేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పట్టుగుడ్డ తీయించి నాలుగు ఆకారాలనూ సభ మధ్యలో పెట్టించారు. కువలయ మూడో శ్లోకం దగ్గర ఆగిపోయి బిక్కమొహం వేసింది. అవధానులుగారు నెపం ముందే సిద్ధం చేసుకున్నారు.

"ప్రభూ, ఇదంతా ఆ వంటమనిషి సావాసం! పోపు ఘాటుకు అలవాటు పడ్డ బుర్రకు శాస్త్రం ఎక్కుతుందా?"

రాజు పేరమ్మను పిలిపించాడు.

"నా కూతురికి ఈ ఆకారాల సంగతి తెలియదని తేలిందా, పొద్దు గూకేలోగా నువ్వు కోట దాటాలి!"

కువలయ బావురుమని పేరమ్మ కొంగు పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ పొయ్యి తప్ప మరో దిక్కు లేని మనిషి పేరమ్మ. అయినా పిల్ల కళ్లు తుడిచి, చేతులు జోడించింది.

"అట్లాగే ప్రభూ. కానీ గురువుగారు నిలబడి ఉండగా పరీక్ష జరపడం మన ఆచారం కాదు గదా! ఈ నాలుగింటిలో గొప్పదేదో వారే ఎంచుకుని, దాని మీద కూర్చుంటే సభకే అందం."

అవధానులుగారు పూరీలా పొంగారు.

"ఎంచడానికేముంది? గోళమే సర్వశ్రేష్ఠం. మూల లేదు, అంచు లేదు, దోషం లేదు. ఆ ఘనమా? ఒళ్లంతా మూలలే. అధమాధమం!"

"మరి నీకైతే ఏది కావాలి తల్లీ?" అంది పేరమ్మ.

కువలయ ముక్కు ఎగబీల్చి తిన్నగా ఘనం దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి వేసింది.

"ఇదే. ఆరు పక్కలూ చదునే, ఎటు తిప్పినా కుదురుగా ఉంటుంది. స్థూపమైనా సరే గానీ నిలబెట్టాలి. పడుకోబెడితే అప్పడాల కర్రలాగా పోతుంది. శంకువు మాత్రం వద్దు బాబోయ్, గుచ్చుకుంటుంది!"

రాజు మీసం దువ్వడం ఆపి కూతురి వంక చూశాడు. అవధానులుగారు మాత్రం పకపకా నవ్వారు.

"విన్నారా ప్రభూ! ఒక్క శ్లోకం లేదు, ఒక్క ప్రమాణం లేదు. ఎంచుకున్నదేమో అధమం!"

ఉత్తరీయం సర్దుకుని గోళం వైపు నడిచారు. కువలయ కంగారు పడింది.

"వద్దు గురువుగారూ! అది దొర్లుతుంది!"

"శాస్త్రం దొర్లదు!" అని గర్జించి, అవధానులుగారు కూర్చున్నారు.

శాస్త్రం సంగతేమో గానీ, గోళం దొర్లింది. గురువుగారి కాళ్లు పైకి, తలపాగా కిందికి. గోళం మాత్రం తాపీగా దొర్లుకుంటూ పోయి రాజుగారి పాదాల దగ్గర ఆగింది.

పేరమ్మ వంగి, వినయంగా అంది:

"ఆరు నెలల్లో చెప్పని పాఠం గురువుగారు ఇప్పుడే చెప్పారు ప్రభూ. పిల్లకు మాత్రం ముందే వచ్చు."

రాజు పగలబడి నవ్వాడు. సభ కూడా నవ్వింది. రాజు సింహాసనం దిగి, తన చేతి కంకణం తీసి పేరమ్మ చేతికి తొడిగాడు.

"రేపటినుంచి మా అమ్మాయి బడి వంటశాలలోనే. నడుము సర్దుకోగానే అవధానులుగారినీ చేర్చుకో పేరమ్మా. లడ్డూ చుట్టడంతో మొదలుపెట్టించు!"