కత్తెరకు తల వంచిన గులాబీ

ఒకప్పుడు గులాబీ కొమ్మకు కత్తెర అంటే ఏమిటో తెలియదు. ఎవరూ దాన్ని కోసేవాళ్లు కాదు. ఎటు బుద్ధి పుడితే అటు పెరిగేది. కంచె మీద పడేది, ఇంటి చూరు ఎక్కేది, పక్కవాళ్ల దొడ్లోకి తొంగి చూసేది. ఒక్కో కొమ్మ చిట్టచివర ఒక్కో పువ్వు పూసేది. అంతే.

ఆ రోజుల్లో ఏటి పక్కన ఒక ఊళ్లో అప్పలసూరి, నూకాలు అనే మొగుడూ పెళ్లాం ఉండేవాళ్లు. అప్పలసూరి ఊరందరికీ క్షవరం చేసేవాడు. చెయ్యి ఎంత తేలికంటే, నిద్రపోతున్న పసివాడికి పుట్టువెంట్రుకలు తీసినా వాడు లేచేవాడు కాదు. నూకాలు కొండల అవతలి ఊరి పిల్ల. అక్కడికి వెళ్లాలంటే మూడు రోజుల నడక.

ఆమె కాపరానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ పెరట్లో గులాబీ వేరు పక్కన మొలిచిన పిలకను మట్టితో సహా పెళ్లగించి, అరిటాకులో చుట్టి చేతికిచ్చింది.

"నువ్వు గుర్తొస్తే నేను నా చెట్టు పువ్వు వాసన చూస్తాను. నేను గుర్తొస్తే నువ్వు నీ చెట్టు పువ్వు వాసన చూడు. రెండూ ఒకటే వాసన" అంది.

నూకాలు ఆ పిలకను పొద్దుటి ఎండ బాగా పడే చోట నాటింది. మాగిన పెంటపోగు ఎరువు వేసింది. ఆకు తడవకుండా మొదట్లో నీళ్లు పోసింది. మొక్క నాలుగు ఆకులు వేశాక మాటలు నేర్చుకుంది. ఒకే అమ్మ పెంపకం కదా, నూకాలును అక్కా అని పిలిచేది.

మొదటి పువ్వు పూసిన పొద్దున నూకాలు కళ్లు మూసుకుని దాని పక్కన కూర్చుంది. వాళ్లమ్మ పెరడు అక్కడికి వచ్చేసినట్టే అనిపించింది. తడిసిన నేల, అమ్మ తలనూనె, ఆరేసిన చింతపండు, అన్నీ ఆ ఒక్క వాసనలో ఉన్నాయి. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. అప్పలసూరి ఆ మాడన్నమే తిని పనికి వెళ్లాడు.

మూడేళ్లు గడిచాయి. ఒక వేసవిలో కొండల అవతలి నుంచి కబురు వచ్చింది. అమ్మ పోయింది. నీళ్లు పోసేవాళ్లు లేక ఆ పెరట్లో గులాబీ కూడా ఎండిపోయింది. ఇక అమ్మది అని చెప్పుకోవడానికి నూకాలుకు మిగిలింది ఈ చెట్టొక్కటే.

ఆ రోజు నుంచి ఆమె చెట్టు మీద ఈగ వాలనిచ్చేది కాదు. మేక అటు తిరిగితే కర్ర తీసుకునేది. ఎండుటాకు రాలితే దాన్నీ ఏరి దాచేది. చెట్టు పెరిగింది, పెరిగింది, చూరు దాటి ఇంటి కప్పెక్కింది. ఊళ్లోవాళ్లు నూకాలు చెట్టు ఎంత ఎత్తో అని చెప్పుకునేవాళ్లు.

కానీ పువ్వు చిన్నదైపోతూ వచ్చింది. మొదటి ఏడు గుప్పెడంత ఉండేది, తర్వాత నిమ్మకాయంత, తర్వాత ఉసిరికాయంత. వాసన కూడా అలాగే పలచబడింది. ముందుగా ఆ సంగతి పట్టుకున్నది తేనెటీగ. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో పోవడం తన వల్ల కాదని చెప్పి, గుమ్మడి పాదు వైపు వెళ్లిపోయింది. గాలి కూడా మునుపటిలా ఆ పెరట్లో ఆగడం మానేసింది. మోసుకెళ్లడానికి ఏమీ లేనప్పుడు ఆగి ఏం చేయాలంది.

ఒక పొద్దున నూకాలు నిచ్చెన ఎక్కి, పువ్వులో ముక్కు పెట్టి చూసింది. పచ్చి ఆకు వాసన తప్ప ఇంకేమీ లేదు. దిగి వచ్చి మొదట్లో కూలబడింది.

"ఏమైందే చెల్లీ? నేనేం తక్కువ చేశాను?" అని అడిగింది.

"నువ్వేమీ తక్కువ చెయ్యలేదక్కా" అంది చెట్టు. "వాసన నా వేళ్ల దగ్గర పుడుతుంది. అక్కడి నుంచి పువ్వు దాకా ఎక్కాలి. ఇప్పుడు పువ్వు ఎంత దూరంలో ఉందో చూడు. ఎక్కి ఎక్కి అలిసిపోయి సగం దారిలోనే ఆగిపోతోంది."

అంతటితో పోలేదు. వానలు వెళ్లాక కొమ్మల చివర నల్లబడడం మొదలైంది. ఆ నలుపు వారానికి జానెడు చొప్పున కిందికి దిగుతోంది. అది దిగిన చోటల్లా కొమ్మ పుల్లలా ఎండిపోతోంది.

అప్పలసూరి చూసి, ఎండిన కొమ్మల్ని కోసేస్తే మిగిలింది బతుకుతుందేమో అన్నాడు. నూకాలు అతని వైపు చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ ఇచ్చిన చెట్టు మీద కత్తెర పడితే తాను చూడలేనని, అది అమ్మ వేళ్లు కోసినట్టేనని ఆమె ఏడ్చింది. అతను కత్తెర, కత్తి ఉన్న పెట్టెను ఆమె కంట పడకుండా అటక మీద పెట్టుకుని, పనికి వెళ్లేటప్పుడు మాత్రం దించుకునేవాడు.

నలుపు చూరు దాటింది. కిటికీ దాకా వచ్చింది. రోజూ నూకాలు దాని కింద ఒక దారం కట్టేది. మర్నాటికి దారం నలుపులో ఉండేది.

నడుమెత్తుకి దిగిన నాడు ఆమె నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. ఆ పెట్టె దించి, తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"నువ్వే కొయ్యి మావా. నా చెయ్యి ఆడదు" అంది.

అప్పలసూరి రాయి మీద కత్తెర నూరాడు. వేడినీళ్లతో కడిగాడు. కత్తెర మెరుపు చూడగానే గులాబీ గజగజ వణికింది. ముళ్లన్నీ బయటికి తెచ్చింది.

"బావా, నొప్పి పుడుతుందా?" అని అడిగింది.

అప్పలసూరి ఎంతమంది పిల్లల తలలు చూశాడో. అందరూ అడిగే ప్రశ్నే అది. ఏ ఒక్కరికీ అతను అబద్ధం చెప్పలేదు.

"పుడుతుందమ్మా" అన్నాడు. "చిటికెలో అయిపోతుంది, కానీ పుడుతుంది. నువ్వొక పని చెయ్యి. ఆకు కొమ్మను అంటుకున్న చోట చిన్న బొడిపె ఉంది చూశావా, కన్నులాగా? నీ ప్రాణాన్ని మెల్లగా కిందికి తెచ్చుకుని అందులో దాచుకో. నేను దానికి పైనే కోస్తాను. కన్ను జోలికి రాను."

అక్క పట్టుకుంటే కోయించుకుంటానంది చెట్టు.

నూకాలు కొమ్మను పట్టుకుంది. మొదటి కోతకు చెట్టు ఉలిక్కిపడింది, ముల్లు ఆమె అరచేతిలో దిగింది. ఆమె చెయ్యి వదల్లేదు. అప్పలసూరి పసివాళ్లకు చెప్పినట్టే చెట్టుకు కబుర్లు చెబుతూ కోశాడు. ఏటిలో చేపల గురించి చెప్పాడు, తేనెటీగ గుమ్మడి పాదుతో ఎలా గొడవ పడిందో చెప్పాడు. కోత మీద వాననీళ్లు నిలవకుండా కత్తెరను ఏటవాలుగా పట్టాడు. లోపల తెల్లటి మంచి చెక్క కనిపించేదాకా ప్రతి కొమ్మనూ కోశాడు. చివరికి కోసిన చోటల్లా పసుపు, ఆవుపేడ కలిపి రాశాడు.

అయ్యేసరికి ఇంటి కప్పంత చెట్టు మోకాలెత్తు మోడైంది. నాలుగు పుల్లలు. ఒక్క ఆకు లేదు.

పిలిస్తే పలకలేదు.

నూకాలు పెరటి వైపు తలుపు మూసేసింది. మొగుడి మీద కోపం లేదు, తానే కదా కోయమంది. అయినా అతనితో మాట కలపలేకపోయింది. అన్నం వడ్డించేది, తను తినేది కాదు. అప్పలసూరి పొద్దున్నే లేచి, ఆమెకు తెలియకుండా ఆ పుల్లలకు నీళ్లు పోసి వెళ్లేవాడు. అతని మనసు మనసులో లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఊరి పెద్ద మీసం ఒకవైపు పొడుగ్గా, ఒకవైపు పొట్టిగా కత్తిరించాడు. ఆ పెద్దాయన అతని ముఖం చూసి, రెండోవైపు కూడా పొట్టి చెయ్యమని చెప్పి ఊరుకున్నాడు.

ఐదు రోజులైంది. పది రోజులైంది. చెట్టు చచ్చిందనే ఊరంతా అనుకుంది.

పన్నెండో రోజు గాలి వచ్చి పెరటి తలుపు తోసింది. నూకాలు మళ్లీ మూయబోతూ చూసింది. కోసిన చోటికి కాస్త కింద ఎర్రగా ఏదో ఉంది. కోసిన గాయం నుంచి నెత్తురు వచ్చిందనుకుంది.

"మావా, ఇట్రా" అని పిలిచింది. పన్నెండు రోజుల్లో అతన్ని పిలవడం అదే.

ఇద్దరూ వంగి చూశారు. అది నెత్తురు కాదు, చిగురు. అప్పుడే పుట్టిన పాపాయి అరచేయిలా ఎర్రగా, ముడుచుకుని ఉంది. ప్రతి కొమ్మకూ పక్కపక్కనే కళ్లు విచ్చుకుని చిగుళ్లు.

"అక్కా" అంది చెట్టు, చిన్న గొంతుతో. "బావ చెప్పినట్టే దాక్కున్నాను. ఇప్పుడే మళ్లీ పుట్టాను. కొన్నాళ్లు ఇలా ఎర్రగానే ఉంటాను, భయపడకు."

ఎర్ర చిగుళ్లు పచ్చబడ్డాయి. ఒక్కో కోతకు రెండేసి కొమ్మలొచ్చాయి. నెలన్నర తిరిగేసరికి మొగ్గ విచ్చింది. పువ్వు గుప్పెటలో పట్టలేనంత ఉంది. దారి దగ్గరైంది కదా, వాసన అలుపు లేకుండా వేళ్ల నుంచి పరుగున వచ్చి పువ్వులో చేరింది. గుమ్మడి పాదు దగ్గరున్న తేనెటీగ సగం పనిలో తల తిప్పింది. గాలి ఆ పెరడు వదిలి వెళ్లనని మొండికేసింది.

నూకాలు పువ్వులో ముఖం పెట్టుకుంది. చాలాసేపటికి గానీ తల ఎత్తలేదు.

"మా అమ్మ తలంటుపోసేటప్పుడు నేను ఏడవకుండా ఉండడానికి కథలు చెప్పేది మావా" అంది. కాపరానికి వచ్చాక అమ్మ గురించి ఆమె అంత మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ పొద్దున అలా చెబుతూనే ఉంది. అప్పలసూరి పనికి వెళ్లకుండా వింటూ కూర్చున్నాడు.

గులాబీకి ఆ ఇద్దరూ ఎంతో నచ్చారు. తన పిలకలకు, వాటి పిలకలకు, గాలి వెళ్లే ప్రతి పెరట్లోనూ ఉన్న తన చుట్టాలందరికీ ఒకటే మాట చెప్పి పంపింది. ఎవరైనా మనల్ని బతికించుకోవాలని కత్తెర పట్టుకుంటే భయపడకండి, ప్రాణాన్ని కన్నులో దాచుకుని తల వంచండి అని.

అప్పటినుంచే, వానలు వెళ్లాక గులాబీని కోస్తే అది చచ్చిపోదు. కొన్నాళ్లు మోడులా నిలబడి మనల్ని కంగారు పెడుతుంది. తర్వాత కోతకు కాస్త కింద, ఎర్రగా, కన్ను తెరుస్తుంది.