నారయ్య నీలిరంగు గూడు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక వాగు. ఆ వాగు నడిమధ్య, చుట్టూ నీళ్ళతో, ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టుకి ఏటా పన్నెండు గిజిగాడి గూళ్ళు వేలాడేవి. అందులో ఒకటి నారయ్యది.

గిజిగాడంటే తెలుసుగా పిల్లలూ. పిచ్చుకంత పిట్ట. తలమీద పసుపు పూసుకున్నట్టు ఉంటుంది. గడ్డి ఆకులు పోచలుగా చీల్చి, ముక్కుతోనే ముడులు వేసి, సొరకాయ బుర్రలాంటి గూడు అల్లుతుంది. ఆ పని చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. నేనూ ఒకసారి మా పెరట్లో కోళ్ళగూడు కట్టాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అంతా సొంత తెలివి. కోళ్ళు లోపలికి వెళ్ళాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి, బయటికి వచ్చేశాయి. అప్పటినుంచి అందులో కట్టెలు పెట్టుకుంటున్నాం. కట్టెలు ఏమీ అనవు.

గిజిగాళ్ళదీ అదే పద్ధతి. మగపిట్ట గూడు సగం అల్లి ఆపాలి. అప్పుడు ఆడపిట్ట వచ్చి చూస్తుంది. పోచలు లాగుతుంది. లోపల కూర్చుంటుంది. వంగి కిందికి చూస్తుంది. నచ్చితే మిగతా సగం అల్లుకోమంటుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. అప్పుడిక కొత్తది మొదలెట్టడమే, వాదించడానికి లేదు. నారయ్య భార్య జొన్నమ్మ ఈ పరీక్షలో గట్టిది. ఒక ఏడు వరసగా మూడు గూళ్ళు వద్దంది.

కిందటేడు వాగు ముందే ఎండిపోయింది. నీళ్ళున్నన్నాళ్ళూ ఆ చెట్టు దగ్గరికి పాము రాలేదు. నీళ్ళు పోయాక ఇసక మీద పాక్కుంటూ వచ్చి చెట్టెక్కింది. నారయ్య గూట్లో మూడు గుడ్లుండేవి. మూడూ పోయాయి.

జొన్నమ్మ రెండు రోజులు గింజ ముట్టలేదు. మూడో రోజు ఒకే మాట అంది.

"ఈ చెట్టు మీద నేనిక గుడ్డు పెట్టను."

గుంపుదీ అదే మాట. సరే, వెళ్ళాల్సిందే. ఎక్కడికి? ఒకవైపు పట్నం ఉంది, చాలా పెద్దది. ఇంకోవైపు పట్నానికి శివారున ఒక చిన్న కాలనీ ఉంది. పొలాలు తీసేసి వెంచర్ వేశారు. తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్ళు, పది ఇళ్ళు, పల్లంలో ఒక కుంట, కుంట గట్టున ఈతచెట్లు. అంతే.

చూస్తుండగానే ఏడు తిరిగింది. మృగశిర కార్తెకి నెల కూడా లేదు. వానలు పడేసరికి గూడు సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఈ ఏడూ పిల్లలుండరు.

నారయ్య ముందు పట్నం కాకిని అడిగాడు. దాని పేరు కాటన్న.

"పట్నం సంగతి నన్నడుగుతున్నావా తమ్ముడూ?" అన్నాడు కాటన్న. "పొద్దున్నే హోటల్ వెనక్కి వెళ్ళు. ఇడ్లీ ముక్కలు కుప్పగా ఉంటాయి. పాముల్లేవు, కోతుల్లేవు. పన్నెండు అంతస్తుల మీద ఉంటే నిన్ను అడిగేవాడు ఎవడు?"

తర్వాత శివారులో ఉండే గోరువంకని అడిగాడు. దాని పేరు బంగారక్క.

"పట్నమా, ఆ హోరులో నీ కూత నీకే వినపడదు నాయనా," అంది బంగారక్క. "మా కాలనీకి రా. గాలి, వెలుతురు, పక్కపక్కనే మనవాళ్ళు. నేనైతే చచ్చినా కదలను."

చివరికి గుంపులో పెద్దవాడైన సోమయ్య తాతని అడిగాడు.

"నేను ఈ వాగు దాటి ఎరగనురా. నన్నడిగి ఏం లాభం?" అన్నాడు తాత. "ఒక్కటి మాత్రం చెబుతాను. వాళ్ళిద్దరూ ఇప్పటికే ఎవరి ఊళ్ళో వాళ్ళు గూడు పెట్టుకున్నారు. గూడు పెట్టుకున్నవాడు తప్పు చేశానని చెప్పడు."

నారయ్యకి ఈ మాట నచ్చలేదు. అసలు సలహా అడగడమంటే మన మనసులో ఉన్నది ఎదుటివాడి నోట వినడం కదా. నేనూ అంతే. కోళ్ళగూడు ఎలా ఉందని ముగ్గురిని అడిగి, బాగుందన్నవాడికే కాఫీ ఇచ్చాను.

అయినా నారయ్య ఒకసారి శివారుకి వెళ్ళి చూశాడు. మిట్టమధ్యాహ్నం వెళ్ళాడు. మనుషులు తలుపులు వేసుకుని పడుకున్నారు. పిట్టలు ఆకుల చాటున ఉన్నాయి. హద్దురాళ్ళు మాత్రం ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి.

తిరిగి వచ్చి గుంపు మధ్య నిలబడి అన్నాడు. "అదొక ఊరా? ఇటు అడవీ కాదు, అటు పట్నమూ కాదు. పోతే పెద్ద చోటుకే పోవాలి. నేను పట్నం వెళుతున్నాను."

గుంపంతా శివారుకి బయల్దేరింది. నారయ్య పట్నం వెళ్ళాడు.

"నువ్వు సగం అల్లు. నేనొచ్చి చూస్తాను," అంది జొన్నమ్మ.

పట్నంలో చోటు మాత్రం గొప్పగా దొరికింది. ఒక పెద్ద మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఇనప కమ్మీ. పాము రాదు. కోతి రాదు. అక్కణ్ణుంచి చూస్తే ఊరంతా కాళ్ళ కిందే ఉంది.

ఇక గడ్డి కావాలి. పార్కుకి వెళ్ళాడు. అక్కడ గడ్డిని వారం వారం కత్తిరిస్తారు. రెండు అంగుళాలకి మించి పెరగనివ్వరు. మూరెడు పోచ లేనిదే ముడి పడదు. ఇంకో పార్కుకి వెళ్ళాడు. అదీ అంతే. మూడో చోట గడ్డి పొడుగ్గా, పచ్చగా, నిగనిగలాడుతూ కనపడింది. సంబరంగా వాలి ఒక పోచ పీకాడు. ఊడింది. అది ప్లాస్టిక్కు.

అప్పుడు కాటన్న ఒక ఉపాయం చెప్పాడు. "చిరిగిన సిమెంటు సంచులు బోలెడున్నాయి తమ్ముడూ. దారాలు లాక్కో. గడ్డికన్నా గట్టివి."

నిజమే, గట్టివి. పైగా నీలం రంగు. చీల్చే పని లేదు, లాగితే వస్తాయి. ఎనిమిది రోజుల పని మూడు రోజుల్లో అయిపోయింది. సగం గూడు నీలంగా మెరుస్తూ గాలికి ఊగుతోంది. నారయ్య దాన్ని ఎదురుగా కూర్చుని చూశాడు. పక్కన కూర్చుని చూశాడు. కిందనుంచి కూడా చూశాడు. ఎటునుంచి చూసినా బాగానే ఉంది.

జొన్నమ్మ వచ్చింది. కమ్మీ మీద వాలి, ముందు ఒక దారం పట్టుకుని లాగింది. తెగలేదు.

"చూశావా?" అన్నాడు నారయ్య.

"తెగలేదు. జారింది," అంది జొన్నమ్మ. "పచ్చిగడ్డి ముడి ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. ఇది ఎన్నాళ్ళున్నా బిగుసుకోదు."

తర్వాత లోపల కూర్చుని గోడలు తడిమి చూసింది. "మట్టి ఏదయ్యా?"

గిజిగాళ్ళు సగం గూడు లోపల తడిమట్టి ముద్దలు అంటిస్తాయి. అది లేకపోతే ఆడపిట్ట ఒప్పుకోదు. పట్నంలో నారయ్యకి తడి సిమెంటు దొరికింది గాని తడిమట్టి దొరకలేదు.

"మట్టిదేముంది, రేపు తెస్తాను," అన్నాడు.

"సరే, అది రేపు. ఇవాళ ఒక మిడతని తీసుకురా. పిల్లలు పుడితే గింజలు తింటాయా? మిడతలే కదా పెట్టాలి. ఒక్కటి తెచ్చి చూపించు."

నారయ్య అప్పుడే వెళ్ళాడు. మొదటి పార్కు వెతికాడు, రెండో పార్కు వెతికాడు, ప్లాస్టిక్కు గడ్డి కూడా వెతికాడు. సాయంత్రానికి ముక్కున ఏదో పట్టుకుని వచ్చి జొన్నమ్మ ముందు పెట్టాడు.

"ఏమిటిది?" అంది జొన్నమ్మ.

"ఇడ్లీ ముక్క. మిడతలు దొరకలేదు. ఇదైతే చాలా ఉంది."

జొన్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాటన్న పిల్లలు దీన్ని తిని పెరుగుతాయి. వాళ్ళకి ఈ ఊరు సరైనదే. మన పిల్లలకి ఇది గొంతు దిగదు," అంది. "నేను కుంట దగ్గరికి పోతున్నా. నువ్వు వస్తావా?"

నారయ్యకి రావాలనే ఉంది. గుంపు ముందు అన్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు తిరిగి వెళితే ఒక్కొక్కడూ ఏమంటాడో, వాళ్ళ గొంతులతో సహా చెవిలో వినపడింది.

"నేను రాను. దీన్నే బాగు చేస్తాను," అన్నాడు.

జొన్నమ్మ ఎగిరిపోయింది.

నారయ్య నాలుగు రోజులు ముడుల మీద ముడులు వేశాడు. అయిదో రోజు తొలకరి జల్లు పడింది. పెద్ద వానేం కాదు. మన వీధిలో అయితే ఆరేసిన బట్టలు కూడా తీయరు. కాని దారాలు తడిసి జారడం మొదలెట్టాయి. ఒక ముడి విడింది. దాని పక్కది విడింది. జల్లు ఆగేసరికి గూడు లేదు. కమ్మీకి నీలం దారాల కుచ్చు ఒకటి వేలాడుతోంది.

"పోనీలే తమ్ముడూ," అన్నాడు కాటన్న. "మళ్ళీ అల్లుకో. దారాలకి కొదవా?"

నారయ్య ఆ కుచ్చుని చూశాడు. అందులో గుడ్లుండి ఉంటే అని ఒక్కసారి అనుకున్నాడు. రెండోసారి అనుకోలేకపోయాడు. లేచి శివారు దారి పట్టాడు.

కుంట దగ్గరికి వచ్చేసరికి, అనుకున్నట్టే, గుంపు ఆడిపోసుకుంది.

"పట్నంబాబుగారొచ్చారు, చోటివ్వండి."

"లిఫ్టు లేదు బాబూ మా చెట్టుకి, ఎగిరే ఎక్కాలి."

"మేడ అద్దెకిచ్చి వచ్చావా, ఊరికే వదిలేశావా?"

నారయ్య అన్నీ విన్నాడు. ఎంత తిట్టినా అవి మాటలే. మూడోది అయ్యాక వాళ్ళకే విసుగొచ్చి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఈ మూడు మాటలకి భయపడి నాలుగు రోజులు పోగొట్టుకున్నానా అని నారయ్యకి అప్పుడు అనిపించింది.

మంచి మట్టలన్నీ అయిపోయాయి. చివరి ఈతచెట్టుకి, పడమటి గాలి తగిలే వైపు, ఒక మట్ట మిగిలింది. అక్కడే మొదలెట్టాడు. కాళ్ళ కింద కుంట. గట్టున నిలువెత్తు రెల్లు. ఆకు అంచున చిన్న గాటు పెట్టి, పట్టుకుని ఎగిరితే చాలు, మూరెడు పోచ చీలి వస్తుంది. మట్టి కుంటలోనే ఉంది. ఎనిమిది రోజులు పట్టింది.

జొన్నమ్మ అప్పటికి అదే గట్టున రెండు గూళ్ళు చూసి వద్దంది. మూడోదిగా నారయ్య గూటికి వచ్చింది. పోచ లాగింది. గోడ తడిమింది. వంగి కిందికి చూసింది. కింద రెల్లులో మిడత ఒకటి ఎగిరి ఇంకో ఆకు మీద వాలింది.

నారయ్య వేలాడుతున్న పోచ ఒకటి గబగబా లోపలికి దోపాడు.

జొన్నమ్మ ఏమీ అనకుండా లోపల కూర్చుండిపోయింది. గిజిగాళ్ళలో ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడం. మా ఇంట్లోనూ అంతే అనుకుని నేను చాలాకాలంగా ధైర్యంగా ఉన్నాను.

మిగతా సగం అల్లుతూ నారయ్య అడిగాడు. "ఈ హద్దురాళ్ళు చూశావా? రేపు ఇక్కడా ఇళ్ళు లేస్తాయి. కుంట పూడుస్తారు."

"పూడుస్తారేమో," అంది జొన్నమ్మ. "గుడ్డు పొదగడానికి పద్నాలుగు రోజులు. రెక్కలొచ్చి ఎగరడానికి ఇంకో పదిహేను. అన్నాళ్ళు ఉంటుంది కదా. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు వెతుక్కుందాం. ముందు ఆ మూల బిగించు, గాలొస్తోంది."

ఆలస్యమైంది కాబట్టి ఆ ఏడు రెండే గుడ్లు. పక్క గూళ్ళలో మూడేసి ఉన్నాయి. జొన్నమ్మ ఆ మాట ఎత్తలేదు. నారయ్య మాత్రం పక్క గూళ్ళ వైపు లెక్కపెట్టకుండా ఎప్పుడూ చూడలేకపోయాడు. రెండు గుడ్లూ పిల్లలయ్యాయి. రెండు పిల్లలూ నోళ్ళు తెరిచి అరిచాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిడతలు మోయడంతో నారయ్యకి పట్నం గుర్తొచ్చే తీరికే లేకపోయింది.

ఒక రోజు బంగారక్క వచ్చి పక్క మట్ట మీద వాలింది. కాసేపు గాలి గురించి, వెలుతురు గురించి మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నాయనా నారయ్యా, ఆ పట్నంలో హోటల్ వెనకాల ఇడ్లీ ముక్కలు రోజూ వేస్తారా, పండగలకేనా? నా కోసం కాదులే. మాకు తెలిసినవాళ్ళు అడుగుతున్నారు."

నారయ్య ముక్కున మిడత ఉంది. అందుకని ఏమీ చెప్పలేకపోయాడు.

నీతి: ఏ ఊరు గొప్పదో ఆ ఊరివాడు చెబుతాడు, మన పిల్లలు తినే మిడత ఎక్కడుందో మనమే వెళ్ళి వెతకాలి, తప్పు చోట వెతికామని తెలిస్తే, నలుగురి నవ్వుకీ జడవకుండా గుడ్డు పెట్టేలోపే తిరిగి రావాలి.